డ్యూటీ చార్టు నెల ముందే ఇవ్వాలి
వైద్య శిక్షణలో ఉన్నవారికి డ్యూటీ చార్టు చివరి నిమిషంలో ఇవ్వడం వల్ల ఇంట్లో పిల్లల్ని చూసుకునే భార్యో భర్తో నలిగిపోతున్నారు. నా భార్య రెసిడెన్సీలో (డాక్టరయ్యాక ఆస్పత్రిలో పనిచేస్తూ చేసే స్పెషాలిటీ శిక్షణలో) ఉంది, మాకు ఇద్దరు పిల్లలు. 24 గంటల డ్యూటీ ముగిసినా, కేసులు అప్పగించి బయటపడేసరికి మరో మూడు గంటలు. అదైనా సర్దుకోవచ్చు, వచ్చే వారం ఏ రాత్రి తను ఇంట్లో ఉంటుందో తెలియకపోవడమే అసలు టెన్షన్. చిన్నదానికి జ్వరమొస్తే సెలవు పెట్టేది ఎప్పుడూ నేనే (ఆఫీసులో అదో జోక్ అయిపోయింది). అమెరికాలో ఇలా శిక్షణలో ఉన్న డాక్టర్లకు 2003లో తెచ్చిన వారానికి 80 గంటల పని పరిమితి కూడా నాలుగు వారాల సగటే, ఏ వారం ఎలా గడుస్తుందో అది చెప్పదు. కాబట్టి శిక్షణనిచ్చే ఆస్పత్రులు కనీసం నాలుగు వారాల ముందే చార్టు ఇవ్వాలి, రాత్రుళ్లూ తెరిచి ఉండే శిశు సంరక్షణ కేంద్రం నడపాలి.