రెండు చేతులూ బాగుంటేనే సీటా? ఆక్యుపేషనల్ థెరపీ అడ్మిషన్లపై ఫిర్యాదు

అడ్మిషన్ల విభాగం మేనేజరు గారికి,

విషయం: ఆక్యుపేషనల్ థెరపీ డిగ్రీ సీటుకు మా అమ్మాయి పెట్టిన దరఖాస్తును తిరస్కరించడం గురించి.

అయ్యా/అమ్మా,

మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పాసై, మీ కంపెనీ అడ్మిషన్లు చూస్తున్న ప్రైవేటు కాలేజీల్లో ఆక్యుపేషనల్ థెరపీ (జబ్బు, వైకల్యం ఉన్నవాళ్ళు రోజువారీ పనులు తామే చేసుకునేలా చేసే చికిత్స) డిగ్రీకి దరఖాస్తు పెట్టింది. మీరడిగిన మార్కులు ఉన్నాయి. ఫీజు కట్టాం, వీడియో ఇంటర్వ్యూ కూడా అయింది. తర్వాత 'శారీరక అర్హత లేదు' అని ఒక్క ముక్కలో మెయిల్ వచ్చింది. ఫోన్ చేస్తే మీ సిబ్బంది నిబంధన చదివి వినిపించారు: అభ్యర్థికి రెండు చేతులూ పూర్తి బలంతో ఉండాలట. ఈ మాట మీ ప్రకటనలో లేదు, బ్రోచర్‌లోనూ లేదు. ఫీజు కట్టాక మాత్రమే తెరుచుకునే మెడికల్ ఫారంలో ఉంది. మా అమ్మాయికి సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాల కదలిక దెబ్బతినే స్థితి) వల్ల పుట్టినప్పటి నుంచీ ఎడమ చెయ్యి బలహీనం. ఆ సంగతి దరఖాస్తు మొదటి పేజీలోనే రాశాం, సర్టిఫికెట్ కూడా జతచేశాం. అడ్డు చెప్పేదే ఉంటే అప్పుడే చెప్పాల్సింది.

ఆ చెయ్యి ఏం చేయలేదో మీ ఫారం అడిగింది. ఆ పిల్ల ఏం చేయగలదో ఎవరూ అడగలేదు. నా బాధ అదే.

ఇంటర్‌లో కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ ఎలా చేసిందో చెబుతాను. టైట్రేషన్‌లో మిగతా పిల్లలు ఒక చేత్తో బ్యూరెట్ తిప్పుతూ రెండో చేత్తో ఫ్లాస్కు కలుపుతారు. మా అమ్మాయి కుడి చేత్తో కొద్దికొద్దిగా వదిలి, ఆపి, అదే చేత్తో ఫ్లాస్కు కలిపి, మళ్ళీ వదిలేది. అందరికన్నా కాస్త ఆలస్యమయ్యేది గానీ రీడింగ్ తప్పేది కాదు. ఇంట్లో బంగాళాదుంప చెక్కు తీయాలంటే చెక్కపలకకు కొట్టిన రెండు మేకులకు దాన్ని గుచ్చి, కుడి చేత్తో తీస్తుంది. ఆ పలక ఉపాయం చిన్నప్పుడు తనకు ఆక్యుపేషనల్ థెరపిస్టే నేర్పారు. మనిషిని బట్టి పనిని మార్చడం, పనికి తగ్గట్టు పరికరాన్ని మార్చడం, పక్షవాతం వచ్చినాయన మళ్ళీ తన చొక్కా గుండీలు తానే పెట్టుకునేలా చేయడం ఈ వృత్తిలో రోజూ జరిగే పని. ఆ విద్య నేర్పే కోర్సుకు మనుషుల్ని ఎంచేటప్పుడు ఆ చూపే లేకపోతే ఎలా?

స్ప్లింటు (చేతిని సరైన స్థితిలో నిలిపి ఉంచే అచ్చు) తయారుచేయాలి, రోగిని మంచం మీద నుంచి చక్రాల కుర్చీలోకి దించాలి, వీటికి రెండు చేతులు కావాలి కదా అని మీరు అడగవచ్చు. అడగాల్సిందే, రోగి భద్రత అన్నిటికన్నా ముందు. కానీ బరువైన రోగిని దించడానికి రెండు చేతులూ బాగున్న థెరపిస్టులు కూడా ట్రాన్స్‌ఫర్ బోర్డు (రోగిని జరిపే నున్నటి పలక) వాడతారు, తోడుకు ఇంకొకర్ని పిలుస్తారు. వేడినీళ్ళలో మెత్తబడిన ప్లాస్టిక్ షీటును రోగి చేతికి అచ్చు పోయడం మా అమ్మాయికి కష్టమే కావచ్చు. క్లాంపులు, పట్టీలు ఇచ్చి చేయించి చూడండి. సాయం చేసే పరికరాలన్నీ ఇచ్చి, ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టు ఎదురుగా కూర్చుని పరీక్షించి, ఫలానా ముఖ్యమైన పని ఈ అమ్మాయి వల్ల సురక్షితంగా కాదని రాతపూర్వకంగా చెబితే ఆ మాట మేం ఒప్పుకుంటాం. పరీక్షించకుండా చెప్పిన మాటను మాత్రం ఒప్పుకోం.

చట్టం కూడా ఇదే చెబుతోంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 3వ సెక్షన్ వైకల్యం కారణంగా వివక్ష చూపకూడదంటుంది. న్యాయమైన లక్ష్యం కోసం, దానికి తగిన మోతాదులోనే అలా చేశామని చూపగలిగితేనే మినహాయింపు. వైకల్యం శాతం మాత్రమే చూసి అనర్హులనడం కుదరదు, చదువుకు అది నిజంగా అడ్డమవుతుందా అన్నది వైకల్యాన్ని అంచనా వేసే బోర్డు పరిశీలించాలని 2024 అక్టోబరులో ఓంకార్ గోండ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 ఫిబ్రవరిలో అన్మోల్ కేసులో 'రెండు చేతులూ చక్కగా ఉండాలి' అన్న షరతునే తప్పుపట్టింది. ఆ రెండు తీర్పులూ ఎంబీబీఎస్ సీట్ల గురించి వచ్చినవి. డాక్టరు చదువుకే పనికిరాని షరతు ఆక్యుపేషనల్ థెరపీ చదువుకు ఎలా పనికొస్తుందో మీరే చెప్పాలి.

ఇంటర్వ్యూ గురించీ చెప్పాలి. 1950లో ముంబై కె.ఇ.ఎం. ఆసుపత్రిలో కమలా నింబ్కర్ ఈ శిక్షణ మొదలుపెట్టడం దగ్గర్నుంచి, 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం దాకా చదువుకుని వెళ్ళింది నా కూతురు. ఒక్కటీ అడగలేదు. సెలవుల్లో ఎక్కడికెళ్ళావో ఇంగ్లిష్‌లో చెప్పమన్నారు, కెమెరా ముందు రెండు చేతులూ పైకెత్తమన్నారు, అంతే. మార్కులు దేనికెన్ని వేశారో అడిగితే చెప్పరు. రేపు విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి వార్డులో శ్రీకాకుళం నుంచో పాడేరు నుంచో వచ్చిన రోగి కూర్చుంటే, అతని మాట తెలుగులో ఓపిగ్గా వినేవాళ్ళే కదా కావాల్సింది?

క్లినిక్‌లో 40 గంటలు పరిశీలించినట్టు సర్టిఫికెట్ తేవాలన్న షరతు కూడా మార్చండి. వైజాగ్‌లో ఉంటున్నాం, తెలిసినవాళ్ళున్నారు కాబట్టి మాకు దొరికింది. ఏజెన్సీ ఊళ్ళో చదివిన పిల్ల ఎవరి దగ్గరికి వెళ్తుంది? దానికి బదులు, ఇంట్లోనో ఊళ్ళోనో ఒక మనిషి పని చేసుకోవడానికి పడే ఇబ్బందిని గమనించి తెలుగులోనైనా సరే రెండు పేజీలు రాయమనండి.

నేను కోరేది ఇది. తిరస్కరణను పక్కనపెట్టి, ఆక్యుపేషనల్ థెరపిస్టు ఉన్న ప్యానెల్‌తో, పరికరాల సాయంతో పని పరీక్ష పెట్టి మా అమ్మాయి దరఖాస్తును మళ్ళీ చూడండి. అది తేలేదాకా ఒక సీటు ఆపండి. చేతుల నిబంధన ఫారంలోంచి తీసేయండి. దేనికెన్ని మార్కులో ఫీజు తీసుకునే ముందే వెబ్‌సైటులో పెట్టండి. ఇంటర్వ్యూ మార్కుల షీటు మాకు పంపండి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. రాకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనరు గారికి ఫిర్యాదు చేస్తాం. ఫీజు రసీదు, మీ మెయిల్, వైకల్య ధ్రువపత్రం, ఇంటర్ మార్కుల మెమో నకళ్ళు జతచేశాను.

ఇట్లు,
దరఖాస్తుదారు తల్లి,
గాజువాక, విశాఖపట్నం.