ముగ్గురు వాయించిన ఆల్బమ్‌కు ఒక్కరి పేరేనా?

సంపాదకులకు నమస్కారం.

ఇటీవల మీ ఆదివారం అనుబంధంలో అమెరికా జాజ్ పియానిస్టు విజయ్ అయ్యర్, మరో ఇద్దరు వాద్యకారులు కలిసిన త్రయం వెలువరించిన ‘కంపాషన్’ ఆల్బమ్‌పై వచ్చిన సమీక్ష గురించి ఈ లేఖ. తెలుగు పత్రికలో జాజ్‌కు చోటు దొరకడమే అరుదు కనుక ఎంతో ఆశగా చదివాను, చివరికి చిరాకే మిగిలింది. సమీక్షలో ముప్పాతిక భాగం అయ్యర్ తమిళ మూలాలకూ, హార్వర్డ్ ఆచార్య పదవికీ, ప్రతిభావంతులకిచ్చే మెక్‌ఆర్థర్ ఫెలోషిప్ 2013లో ఆయనకు దక్కడానికీ సరిపోయింది. సంగీతం గురించి ఉన్నదల్లా ‘మనసుకు హాయి గొలిపే ఆల్బమ్’ అన్న ఒక్క వాక్యం, దాని కింద నాలుగు నక్షత్రాలు.

బేస్ (మంద్ర స్వరాల తీగవాద్యం) వాయించిన లిండా మే హాన్ ఓ పేరు గానీ, డ్రమ్స్ వాయించిన టైషాన్ సోరీ పేరు గానీ అందులో ఎక్కడా లేదు. ‘ఇతర వాద్య సహకారం’ అని సరిపెట్టారు. త్యాగరాజ ఆరాధనోత్సవాల వార్త రాసేటప్పుడు వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు అని పేరుపేరునా రాసే పత్రికే ఇలా చేయడం నాకు మింగుడుపడలేదు. పైగా జాజ్ త్రయంలో ఆ ఇద్దరిదీ పక్కవాద్యం కాదు, ముగ్గురిదీ సమాన భాగస్వామ్యం. అమెరికా గాయకుడు స్టీవీ వండర్ స్వరపరచిన ‘ఓవర్‌జాయ్డ్’ను వీళ్ళు ఎలా వాయించారో వినండి. బాణీ లక్షల మందికి తెలిసిందే, కానీ దాని కింద నడక క్షణక్షణం మారుతుంటుంది, ఆ మార్పంతా బేస్, డ్రమ్స్ చేతిలోనే ఉంది. ఆల్బమ్ వచ్చిన 2024లోనే సోరీకి స్వరకర్తగా పులిట్జర్ బహుమతి వచ్చింది. అంతటి వ్యక్తి పేరు రాయడానికి మీకు చోటు చాలలేదంటే నమ్మలేను.

ఇక ఆ ‘హాయి’ సంగతి. ఇందులో ‘ఇట్ గోస్’ అనే రచన ఉంది. 1955లో మిసిసిపీలో తెల్లవాళ్ళు చంపేసిన 14 ఏళ్ళ నల్లజాతి బాలుడు ఎమెట్ టిల్ ఈనాటికీ బతికి, పండు ముసలివాడై మన మధ్య తిరుగుతున్నట్టు ఊహించిన కవితకు తోడుగా పుట్టిన సంగీతమది. ‘ఆర్చ్’ అనే మరో రచన దక్షిణాఫ్రికాలో వర్ణవివక్షపై పోరాడిన ఆర్చ్‌బిషప్ డెస్మండ్ టూటూ స్మృతికి అంకితం. 2021లో ఇదే త్రయం తెచ్చిన ‘అన్‌ఈజీ’లో తొలి రచన, సీసం కలిసిన నీళ్ళు తాగిన అమెరికాలోని ఫ్లింట్ నగరపు పిల్లల కోసం రాసింది. రచనల పేర్లు చదివి, వాటి నేపథ్యం ఒక్కసారి చూసుకున్నవారెవరూ ఈ సంగీతానికి ‘హాయి’ అన్న ముద్ర వేయరు. రికార్డు కంపెనీ పంపిన ప్రచార పత్రాన్ని తిరగరాసి సమీక్షగా అచ్చు వేశారనే అనుమానం నాకు బలంగా ఉంది. సినిమా పాటలపై మీరు వేస్తున్న సమీక్షలూ కొన్నాళ్ళుగా ఇదే తీరుగా ఉంటున్నాయి.

భారతీయ మూలాలే ముఖ్యమనుకుంటే, ఇదే విజయ్ అయ్యర్ 2011లో చెన్నై గిటారిస్టు ప్రసన్నతో, హైదరాబాద్‌లో పుట్టిన తబలా వాద్యకారుడు నితిన్ మిట్టాతో కలిసి ‘తీర్థ’ అనే ఆల్బమ్ చేశారు. మన ఊరివాడి ప్రస్తావన కూడా మీ సమీక్షకుడికి తట్టలేదు.

సమీక్షకుడు మెచ్చుకుని తీరాలని నేను అనడం లేదు. శాక్సఫోన్ వాద్యకారుడు ఆర్నెట్ కోల్మన్ ‘ఫ్రీ జాజ్’ ఆల్బమ్ వచ్చినప్పుడు 1962 జనవరిలో అమెరికా జాజ్ పత్రిక ‘డౌన్‌బీట్’ దానిపై రెండు సమీక్షలు వేసింది. పీట్ వెల్డింగ్ అయిదు నక్షత్రాలు ఇచ్చారు, జాన్ టైనన్ ఒక్కటి కూడా ఇవ్వలేదు. ఇద్దరూ తాము విన్నదాని మీద నిలబడి, ఎందుకో చెప్పి రాశారు. అలాంటి తిట్టు అయినా మీ నాలుగు నక్షత్రాల కన్నా కళాకారుడికి గౌరవమే.

వచ్చే ఆదివారం ఆ ఇద్దరి పేర్లతో సవరణ వేయండి. ఆల్బమ్‌ను మళ్ళీ సమీక్షించే ఉద్దేశం ఉంటే లయ తెలిసినవారికి, వీలైతే ఒక మృదంగ విద్వాంసుడికి అప్పగించండి. సోరీ ఏం చేస్తున్నాడో ఆయన చెవికి తప్పకుండా అందుతుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు, హైదరాబాద్