మంత్రిగారూ, మా నల్లా నీళ్లలో సున్నం ఎంతుందో బిల్లు మీద రాయించండి

మహారాష్ట్ర నీటి సరఫరా, పారిశుద్ధ్య శాఖ మంత్రివర్యులకు నమస్కారం.

నేను చంద్రపూర్ జిల్లా గడ్‌చాందూర్‌లో గీజర్లు, వాషింగ్ మెషిన్లు, కూలర్లు బాగుచేస్తాను. రాజురా, కోర్పనా, జివతి తాలూకాల్లో మా తెలుగువాళ్లు తరాలుగా ఉంటున్నారు. 1956 దాకా రాజురా ఆదిలాబాద్ జిల్లాలోదే. ఈ లేఖ మరాఠీలో మీ కార్యాలయానికి పంపాను. తెలుగులో కూడా రాస్తున్నది మిమ్మల్ని ఏమడిగామో మా వాళ్లందరికీ తెలియాలని.

నా దగ్గరికి వచ్చే గీజర్లలో చాలావాటిది ఒకటే కథ. "నీళ్లు తొందరగా కాగట్లేదన్నా, కరెంటు బిల్లు మాత్రం పెరిగింది" అంటారు. కింది ప్లేటు బోల్టులు విప్పి కాయిల్ బయటికి లాగితే అసలు లోహం కనబడదు, చుట్టూ వేలు మందాన గార. మెల్లగా తడితే పెచ్చులుగా ఊడుతుంది. ట్యాంకులో చెయ్యి పెడితే గులకరాళ్లలాంటి ముక్కలు గుప్పెళ్లకొద్దీ వస్తాయి. కారణం తెలియనిది కాదు. వాన నీరు మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకొని సున్నపురాయి గుండా దిగుతూ రాయిని కరిగించుకుంటుంది. అదే నీరు గీజర్లో కాగేసరికి ఆ గ్యాసు ఎగిరిపోయి, కరిగిన సున్నం మళ్లీ రాయై కాయిల్‌ని అంటుకుంటుంది. గార దాటి వేడి నీళ్లలోకి పోదు. కాయిల్ లోపల్లోపలే మాడి ఒకరోజు తెగిపోతుంది. వారంటీ ఉంది కదా అని కంపెనీ మనిషిని పిలిస్తే, నీళ్ల వల్ల పోయినదానికి వారంటీ వర్తించదని వెళ్లిపోతాడు. నేను కొత్త కాయిల్ వేస్తాను. నీళ్లు అవే కాబట్టి అది కూడా పోతుంది. ఇది నాకు గిరాకీయే. అయినా ఆ డబ్బులు తీసుకోవడానికి మనసొప్పదు.

గీజర్ కొనలేని ఇళ్ల సంగతి ఇంకా కష్టం. సిమెంటు ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు పని చేసేవాళ్లు, పత్తి చేలల్లో కూలికి పోయేవాళ్లు బకెట్లో రాడ్డు పెట్టి నీళ్లు కాచుకుంటారు. గార పట్టిన రాడ్డు వేడెక్కి పగిలిందంటే నీళ్లలోకి కరెంటు వస్తుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో పగిలిన రాడ్డు చేతికిస్తే నాకు గుండె ఝల్లుమంటుంది.

ఎండాకాలం కూలర్ల వంతు. మా జిల్లా ఎండ మీకు తెలియనిది కాదు. కూలర్లో నీరు ఆవిరైపోతుంది, సున్నం గడ్డిలో మిగిలిపోతుంది. గడ్డి బిగుసుకుపోయి గాలి రాదు, మోటారు పట్టేస్తుంది. ఇక సబ్బు నురగ రాకపోవడం, ఉతికిన బట్టలు అట్టల్లా అవడం, కందిపప్పు ఎంతకీ ఉడక్క గ్యాసు తగలేయడం, ఇవన్నీ ఆడవాళ్లు రోజూ పడే పాట్లు.

ఫిర్యాదు చేస్తే "ఈ నీళ్లు తాగితే ఏమీ కాదు" అని జవాబొస్తుంది. అది నిజమే. కాఠిన్యానికి, అంటే నీళ్లలో ఉండే సున్నంలాంటి ఖనిజాల పాలుకు, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆరోగ్యం పేరిట పరిమితి పెట్టలేదు. కానీ జబ్బు చేయదు కాబట్టి మా నష్టం ఎవరి లెక్కలోకీ రావట్లేదు, నా బాధంతా అదే. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 లీటరుకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యం దాకా ఆమోదయోగ్యం అంటుంది. వేరే నీటి వనరు లేనప్పుడు మాత్రమే 600 దాకా ఒప్పుకుంటుంది. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ లెక్కన మనిషికి రోజుకు 55 లీటర్లు. అయిదుగురున్న ఇంటికి 600 కాఠిన్యమున్న నీళ్లిస్తే నెలకు దాదాపు అయిదు కిలోల సున్నం నల్లాలోంచి ఇంట్లోకి వస్తున్నట్టే. 200 అయితే కిలోన్నర చిల్లర.

వేరే వనరు లేదన్న మాట మా దగ్గర చెల్లదు. ఇటు వర్ధా, అటు పెన్‌గంగ పారుతున్నాయి. బోరు నీళ్లే గతి అన్న ఊళ్లలో కూడా, పైపులైను వేయగలిగినంత దూరంలో నది ఉంటే ఆ నీళ్లు శుద్ధి చేసి బోరు నీళ్లలో కలిపి ఇవ్వండి. నదిలో సున్నం తక్కువుంటే ఆ మేరకు మా నల్లాలో కూడా తగ్గుతుంది. విద్యుత్ కేంద్రాల్లో బాయిలర్‌లోకి నీళ్లు పంపే ముందు ఖనిజాలన్నీ తీసేస్తారు, లేకపోతే గొట్టాలు పాడవుతాయని. యంత్రానికి తీసుకునే జాగ్రత్తలో కొంతైనా ఇంటికి తీసుకోమని అడుగుతున్నాం. ఇంటింటికీ సున్నం తీసే సాఫ్ట్‌నర్ యంత్రం పెట్టుకోమనడం పరిష్కారం కాదు, అద్దె ఇంట్లో ఉన్నవాడు ఎక్కడ పెట్టుకుంటాడు? ఊళ్లో ఆర్వో ప్లాంటు పెట్టించారంటే సంతోషమే, కానీ అది తాగే బిందె వరకే. స్నానం, బట్టలు, కూలరు అన్నీ నల్లా నీళ్లతోనే.

దీనికంటే ముందు, పెద్దగా ఖర్చులేని పని ఒకటుంది. నీటి పరీక్ష కిట్లు వాడటానికి ఊరికి అయిదుగురు మహిళలకు శిక్షణ ఇవ్వాలన్నది జల్ జీవన్ మిషన్ నియమం. ఆ కిట్లతో కాఠిన్యం కూడా చూడొచ్చు. ప్రభుత్వ ప్రయోగశాలలు ఉండనే ఉన్నాయి. వచ్చిన అంకె రిజిస్టర్లోనే ఉండిపోకుండా పాణీ పట్టీ (నీటి పన్ను) బిల్లు మీద, గ్రామపంచాయతీ బోర్డు మీద వానలకు ముందొకసారి, తర్వాతొకసారి రాయించండి. మరాఠీతోపాటు తెలుగువాళ్లున్న ఊళ్లలో తెలుగులో కూడా రాయించండి. అంకె తెలిస్తే గీజర్ కొనేవాడు దానికి తగ్గది కొనుక్కుంటాడు, ఏడాదికోసారి గార తీయించుకుంటాడు. 200 దాటిన ప్రతి ఊరికీ వేరే వనరు ఎందుకు లేదో ఆ బోర్డు మీదే మీ శాఖ కారణం రాయాలి.

మీ ఇంజనీర్లను ఒకసారి మా తాలూకాకు పంపండి. ఏ వాడలో గార ఎక్కువ పడుతోందో, ఏ బోరు నీళ్లు కలిసినప్పటి నుంచి రిపేర్లు పెరిగాయో నేను వెంట ఉండి చూపిస్తాను.

ఇట్లు,
గీజర్లు బాగుచేసే ఒక మెకానిక్,
గడ్‌చాందూర్, చంద్రపూర్ జిల్లా