రెప్ప కదిలిన క్షణం

ప్రియమైన శ్రీధర్‌కి,

నేనిక్కడ క్షేమం. నువ్వు, చెల్లెమ్మ, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ ఉత్తరం అంది పది రోజులైంది. వెంటనే జవాబు రాయకపోవడానికి కారణం అందులో నువ్వు చివరగా రాసిన ఒక్క వాక్యం. ‘‘యంత్రాలూ వ్యోమనౌకలూ ఉన్న కథలో ప్రేమ ఎప్పుడూ అతికించినట్టే ఉంటుంది, ఒక ఒరలో రెండు కత్తులు ఎలా ఇముడుతాయి?’’ అని అడిగావు. ఆ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేకపోయాను. సైన్స్ ఫిక్షన్‌నూ ప్రేమకథనూ కలిపి తీసిన సినిమాలు నా మనసుకు ఎంత దగ్గరో నీకు తెలుసు. అందుకే ఈ పది రాత్రులూ వాటిలో కొన్నింటిని మళ్లీ చూసి, నీకు సరైన జవాబు చెప్పగలనన్న నమ్మకం కుదిరాక ఈ ఉత్తరం మొదలుపెట్టాను. కొంచెం పొడుగవుతుంది, ఓపికగా చదువు.

ముందుగా నీ మాటలో ఉన్న నిజాన్ని ఒప్పుకోవాలి. ఈ కోవ సినిమాల్లో చాలావాటిలో ప్రేమ పాటల కోసమూ, యంత్రం పోరాటాల కోసమూ ఉంటాయి. ఒకదాని ఊసు మరొకదానికి పట్టదు. మనం చిన్నప్పుడు ఎంతో ఇష్టంగా చూసిన ‘ఆదిత్య 369’ సంగతే తీసుకో. 1991లో సింగీతం శ్రీనివాసరావు గారు కాలయంత్రం ఎక్కించి మనల్ని కృష్ణదేవరాయల కొలువుకూ, ఆ తర్వాత 2504వ సంవత్సరానికీ తీసుకెళ్లినప్పుడు కలిగిన ఆనందం నాకు ఈనాటికీ తగ్గలేదు. అయినా అది ముందు సాహసకథ. అందులో నాయికానాయకుల ప్రేమ కాలయంత్రం లేకపోయినా నిలుస్తుంది. నేను చెప్పబోయేవి వేరు. వాటికి నేను పెట్టే పరీక్ష ఒక్కటే: కథలోంచి ఆ శాస్త్రసంబంధమైన ఊహను తీసేస్తే ప్రేమ కూడా దానితోపాటే కూలిపోవాలి. అలా కూలిపోయే చోట నువ్వన్న రెండు కత్తులూ ఒకే కత్తి అయిపోతాయి, ఒరకు ఇబ్బందే ఉండదు.

వాటిలో మొట్టమొదట నీకు ‘లా జెతే’ గురించి చెప్పాలి. 1962లో క్రిస్ మార్కర్ ఫ్రెంచి భాషలో తీసిన ఈ చిత్రం నిడివి 28 నిమిషాలు. మూడో ప్రపంచయుద్ధం ముగిశాక నేలమాళిగల్లో తలదాచుకున్న మనుషులు ఒక ఖైదీని గతంలోకి పంపాలని చూస్తారు. ఎందరో ఉండగా అతన్నే ఎంచుకోవడానికి కారణం, చిన్నతనంలో విమానాశ్రయంలో చూసిన ఒక స్త్రీ ముఖాన్ని అతను ఎన్నటికీ మరిచిపోలేకపోవడం. గతాన్ని అంత గట్టిగా పట్టుకున్నవాడు కాబట్టే అక్కడికి చేరినా మతి చెదరకుండా నిలబడగలడని వాళ్ల ఆలోచన. ఆ ప్రయాణానికి ఇంధనమే ఆ జ్ఞాపకం అన్నమాట. ఇక చిత్రమంతా నిశ్చలమైన ఫొటోలతో నడుస్తుంది. ఒక ఫొటో, దాని తర్వాత ఇంకొక ఫొటో, వెనక కథ చెబుతూ ఒక గొంతు. అతను ఆమెను కలుసుకోవడమూ, చనిపోయిన జంతువులను భద్రపరిచిన మ్యూజియంలో ఇద్దరూ కలిసి తిరగడమూ అన్నీ ఫొటోల్లోనే చూస్తాం. మధ్యలో ఒకచోట ఆమె నిద్రపోతూ ఉంటుంది. దిండు మీద ఆనిన ముఖం ఒక ఫొటోలోంచి మరొక ఫొటోలోకి మెల్లగా కరుగుతూ వస్తుంది. పక్షుల కిలకిల అంతకంతకూ పెరుగుతుంది. ఉన్నట్టుండి ఆమె కళ్లు తెరిచి, మనవైపు చూసి, రెప్ప వేస్తుంది. చిత్రం మొత్తంలో నిజంగా కదిలే దృశ్యం అదొక్కటే. అది కూడా కొన్ని క్షణాల్లో అయిపోతుంది.

శ్రీధర్, ఆ రెప్ప కదిలినప్పుడు నేను ప్రతిసారీ ఊపిరి బిగబడతాను. అప్పటిదాకా ఆమె అతనికి ఒక జ్ఞాపకం, మనకు ఒక ఫొటో. ఆ ఒక్క క్షణం ఆమె బతికి ఉన్న మనిషి. ఇష్టమైన మనిషి మన ఎదుట ఉండడమంటే ఏమిటో ఇంతకంటే బాగా చెప్పిన దృశ్యాన్ని నేను చూడలేదు. కాలప్రయాణం అన్న ఊహ లేకపోతే ఆ రెప్పపాటుకు ఆ బలం రాదు. ఆమెకోసం అతను కాలాన్నే దాటి వచ్చాడన్న ఎరుక మనకు ఉండాలి.

ఇప్పుడు నువ్వు అడిగిన ‘ఎలా ఇముడుతాయి’ అన్నదానికి వస్తాను. ప్రేమకథకు ఎడబాటు కావాలి. మన ఆలంకారికులు దానికి విప్రలంభ శృంగారమని పేరు పెట్టి, కలయిక కంటే దాని గురించే మమకారంగా మాట్లాడారు. కాళిదాసు యక్షుడికి ఏడాది శాపం, రామగిరికీ అలకకూ మధ్య దూరం, కబురు మోయడానికి ఒక మేఘం; అంతకు మించి ఏ కథా అక్కర్లేదు. కానీ మన సినిమాలకు వచ్చేసరికి ఎడబాటుకు కారణాలు అరిగిపోయాయి. డబ్బు, పంతం, పగ, ఒక అపార్థం. ఆ తండ్రి ఒక్క మాట మెత్తబడితే, ఆ ఉత్తరం సమయానికి చేతికి అందితే అడ్డు తొలగిపోతుందని మొదటి గంటలోనే మనకు తెలిసిపోతుంది. అడ్డుపడేది ప్రకృతి నియమమే అయినప్పుడు పరిస్థితి మారిపోతుంది. కాంతివేగాన్ని కాళ్లావేళ్లా పడి బతిమాలలేం. అక్కడ తప్పు చేసినవాడెవడూ ఉండడు కనుక కోపం తెచ్చుకోవడానికీ తావుండదు. ప్రేమ మాత్రమే మిగులుతుంది.

దీనికి నా దగ్గర ఉన్న గొప్ప ఉదాహరణ ‘వాయిసెస్ ఆఫ్ ఎ డిస్టెంట్ స్టార్’. 2002లో మకోతో షింకాయ్ అనే జపాను దర్శకుడు తన సొంత కంప్యూటర్ మీద దాదాపు ఒంటరిగా తయారుచేసిన చిన్న యానిమేషన్ చిత్రం అది. అరగంట కూడా ఉండదు. బడిలో కలిసి చదువుకున్న ఒక అమ్మాయీ అబ్బాయీ. అమ్మాయి వ్యోమనౌకలో యుద్ధానికి వెళ్తుంది, అబ్బాయి భూమ్మీదే ఉండిపోతాడు. ఇద్దరి మధ్యా మిగిలిన బంధం సెల్‌ఫోనులో పంపుకునే సందేశాలు. నౌక దూరమయ్యేకొద్దీ ఒక్కొక్క సందేశం చేరడానికి పట్టే సమయం పెరుగుతూ పోతుంది. సూర్యుడి వెలుగు మనల్ని చేరడానికే ఎనిమిది నిమిషాలు పడుతుంది కదా, ఇక లుబ్ధక నక్షత్రం (సిరియస్) మన నుంచి 8.6 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అక్కడికి చేరిన అమ్మాయి పంపిన మాట అబ్బాయి చేతిలోని ఫోనులో మోగేసరికి ఎనిమిదేళ్లు దాటిపోతాయి. రాసినప్పుడు ఆమెకు పదిహేనేళ్లు, చదివేటప్పుడు అతనికి ఇరవై నాలుగు. ఈ లెక్కలో దర్శకుడు కల్పించినది ఏదీ లేదు, అది వెలుగు వేగం. ఆ లెక్కను అతను ఎంత నిజాయితీగా పాటించాడంటే, అబ్బాయి ఫోను చేతిలో పట్టుకుని నిలబడ్డ మామూలు దృశ్యమే గుండెను పిండేస్తుంది.

ఆ చిత్రం నన్ను ఇంతగా పట్టుకోవడానికి నా జీవితంలోని ఒక సంగతి కూడా కారణం. పెళ్లయిన కొత్తలో రెండేళ్లపాటు మేమిద్దరం వేర్వేరు దేశాల్లో ఉన్నామని నీకు తెలుసు. నాకు రాత్రి అయితే తనకు పగలు. ఒకనాడు తెల్లవారి లేచి చూస్తే ‘‘జ్వరంగా ఉంది, ఒక్కసారి ఫోన్ చెయ్యి’’ అన్న సందేశం ఉంది. అది వచ్చి ఏడు గంటలైంది. నేను కంగారుగా ఫోన్ చేసేసరికి తనకు జ్వరం తగ్గి, అన్నం తిని, పనిలో పడిపోయింది. ‘‘అదా, అప్పుడే తగ్గిపోయింది’’ అంది. నేను భయపడుతున్న సమయానికి ఆ భయానికి కారణమే లేదు. కారణం ఉన్న సమయంలో నేను నిద్రలో ఉన్నాను. ఆ ఏడు గంటలకు నా దగ్గర అప్పట్లో మాటలు లేవు. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ సినిమా చూసినప్పుడు దొరికాయి.

కాలం చేసే ఎడబాటు అన్న ఈ ఊహ బయటివాళ్ల సరుకని అనుకోకు. భాగవతం నవమ స్కంధంలో రేవతి కథ ఉంది, గుర్తుందా? కకుద్మి మహారాజు తన కూతురికి తగిన వరుణ్ని అడగడానికి ఆమెను వెంటబెట్టుకుని బ్రహ్మలోకానికి వెళ్తాడు. అక్కడ గంధర్వగానం సాగుతూ ఉంటే, అది ముగిసేదాకా కాసేపు ఆగుతాడు. ఆ కాసేపట్లో భూమ్మీద ఇరవై ఏడు మహాయుగాలు గడిచిపోతాయి. రాజు మనసులో అనుకున్న వరులే కాక వాళ్ల మనుమల గోత్రాలు కూడా ఇప్పుడు వినిపించవని బ్రహ్మ చెబుతాడు. చివరికి రేవతి బలరాముణ్ని పెళ్లాడుతుంది. 1905లో ఐన్‌స్టీన్ రాసిన సిద్ధాంతం ప్రకారం, కాంతివేగంలో 99 శాతం వేగంతో ప్రయాణించేవారికి ఒక సంవత్సరం గడిస్తే ఇంటి దగ్గర ఎదురుచూసేవారికి ఏడేళ్లు గడుస్తాయి. పురాణం చెప్పింది ఆ సిద్ధాంతమేనని నేను అనను. కాలం అందరికీ ఒకేలా నడవకపోతే పెళ్లికావలసిన ఆడపిల్ల గతి ఏమిటన్న ప్రశ్న మనవాళ్లకూ తట్టిందని మాత్రం అంటాను.

గురుత్వాకర్షణ ఎక్కువైన చోట కాలం నెమ్మదిస్తుందని ఐన్‌స్టీనే ఆ తర్వాత చెప్పిన సిద్ధాంతం మీద నడిచే ‘ఇంటర్‌స్టెల్లార్’ను నువ్వూ చూశావు. అది తండ్రీకూతుళ్ల కథ కనుక ఈ కోవలోకి నేరుగా రాదు. కానీ ఒక గంట ఏడేళ్లతో సమానమైన గ్రహం మీద కొద్దిసేపు గడిపి తిరిగివచ్చిన తండ్రి, ఇరవై మూడేళ్ల సందేశాలను ఒకేచోట కూర్చుని వరసగా చూసే దృశ్యం నాకు చాలు. ఆ తర్వాత ప్రేమ కాలాన్నీ దూరాన్నీ దాటుతుందంటూ ఒక పాత్ర పెద్ద ఉపన్యాసం ఇస్తుంది. అది నా మనసుకు ఎక్కలేదు. నియమానికి తల వంచి ఏడ్చిన మనిషి ముందు, నియమాన్ని జయించామని చెప్పే మాట తేలిపోతుంది. కన్నీళ్లు రాలగానే యంత్రం తన సూత్రాన్ని మార్చుకునే సినిమాలను నేను క్షమించలేకపోవడానికి కారణం కూడా ఇదే.

దూరం, కాలం తర్వాత జ్ఞాపకం. 2004లో మిషెల్ గోండ్రీ తీసిన ‘ఎటర్నల్ సన్‌షైన్ ఆఫ్ ది స్పాట్‌లెస్ మైండ్’లో, విడిపోయిన ప్రియురాలి జ్ఞాపకాలను చెరిపేయమని ఒకడు ఒక సంస్థకు డబ్బు కడతాడు. రచయిత చార్లీ కౌఫ్‌మన్ ఇక్కడ పెట్టిన చిన్న నియమాన్ని గమనించు: చెరపడం ఇటీవలి జ్ఞాపకం నుంచి మొదలై వెనక్కి నడుస్తుంది. అందువల్ల అతనికి మొదట ఎదురయ్యేవి తగాదాలు. అవి పోతున్నందుకు సంతోషిస్తాడు. వెనక్కి వెళ్లేకొద్దీ మంచి రోజులు వస్తాయి, అవీ చెరిగిపోవడం మొదలవుతుంది, అప్పుడు ‘ఇదొక్కటి ఉంచండి’ అని ప్రాధేయపడతాడు. ఎవరూ బోధించకుండానే, ఆ వరసే అతని మనసు మార్చింది. ఒక పుస్తకాల దుకాణంలో ఆమె మాట్లాడుతూ ఉండగా వెనక అరల్లోని పుస్తకాల అట్టలు ఒక్కొక్కటీ తెల్లబడిపోతాయి. ఈసారి చూసినప్పుడు ఆమె ముఖం వదిలి ఆ అరలనే చూడు. మరిచిపోవడం అంటే ఏమిటో కంటికి కనిపిస్తుంది.

‘హర్’ గురించి కొద్దిగానే రాస్తాను, ఎందుకంటే అది ఇప్పుడు ఊహగా మిగల్లేదు. 2013లో స్పైక్ జోన్జ్ దాన్ని తీసినప్పుడు మాట్లాడే యంత్రంతో మనిషి ప్రేమలో పడడం వింతగా ఉండేది. అందులో కథానాయకుడి ఉద్యోగం ఇతరుల తరఫున ఉత్తరాలు రాయడం. ఒకరోజు మెట్రో మెట్ల మీద కూర్చుని, ‘నువ్వు నాతో మాట్లాడుతూనే ఇంకెవరితోనైనా మాట్లాడుతున్నావా’ అని తను ప్రేమించిన ఆ యంత్రాన్ని, అంటే సమంతాను, అడుగుతాడు. ఆమె 8,316 మందితో అంటుంది. ఎంతమందిని ప్రేమిస్తున్నావంటే 641 అంటుంది. పక్కనే మెట్లెక్కుతున్న మనుషులు తమ తమ ఫోన్లతో మాట్లాడుకుంటూ పోతుంటారు. ఆమె అబద్ధం చెప్పలేదు, మోసమూ చేయలేదు. ఆమె స్వభావం అది. మన ప్రేమలో ‘నువ్వొక్కడివే’ అన్న మాట ఎంత భాగమో ఒక యంత్రాన్ని ఎదురుగా నిలబెడితే గానీ తెలియదు. ఇంత చేసి కూడా దర్శకుడు అతన్ని ఒక్కచోటా నవ్వులపాలు చేయలేదు. ఆ మర్యాద నాకు ఎంతో నచ్చింది.

నా మాట మీద నమ్మకంతో ముందుగా ఆ 28 నిమిషాల చిత్రాన్ని చూడు. దీపాలు ఆపేసి, ఫోను దూరంగా పెట్టి చూడు. ఆ తర్వాత 2004 నాటి చిత్రాన్ని చివరిదాకా చూసి నాకు ఒక్క సంగతి రాయి. చివర్లో ఆ ఇద్దరూ ఒకరి గురించి ఒకరు చెప్పిన చేదుమాటలను టేపుల్లో విన్నాక నడవలో నిలబడతారు. మళ్లీ నన్ను విసుక్కుంటావు, మళ్లీ నాకు ఊపిరాడదు అని ఆమె అంటుంది. అతను ‘సరే’ అంటాడు. కాసేపటికి ఆమె కూడా ‘సరే’ అంటుంది. మా ఆవిడ అది లొంగిపోవడం అంటుంది. నాకు మాత్రం అది పెళ్లిలో చేసే ప్రమాణం కంటే గట్టిగా వినిపించింది. రెండు రాత్రులు వాదించుకున్నాం, తేలలేదు. నువ్వు ఏ పక్షమో తెలియాలి.

చెల్లెమ్మకు నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

ఉంటాను.

నీ
ప్రసాద్