రైడింగ్ మూవర్ కొనే ముందు గేటు కొలవండి

సంపాదకులు గారికి,

నమస్కారం. మధురవాడ నుంచి ఆనందపురం, భీమిలి దాకా లేఅవుట్లు, కాలేజీలు, రిసార్టులు పెరిగాయి. వాటితో పాటే ఎకరాల కొద్దీ లాన్లూ పెరిగాయి. నైరుతి వానలు పట్టాక గరిక ఆగదు. బ్రష్ కట్టర్లతో ఇద్దరు మనుషులు ఒక కొస నుంచి కోసుకుంటూ పోతే, రెండో కొస చేరేసరికి మొదలుపెట్టిన చోట మళ్లీ కోతకొస్తుంది. అప్పుడు కమిటీలో ఎవరో ఒకరు రైడింగ్ మూవర్, అంటే మీద కూర్చుని నడిపే గడ్డి కోత మిషన్ కొందామంటారు. ఆలోచన మంచిదే. కానీ కొటేషన్ అడిగే కాగితంలో రాసేది ఒక్క ముక్కే: ఎన్ని హెచ్‌పీ? ఆ ప్రశ్న నాలుగోదో అయిదోదో కావాలి. మొదటిది మన గేటు వెడల్పు, రెండోది మన నేల వాలు.

అసలు ఆ మిషన్ అవసరమా అన్నది లెక్క వేసి చూసుకోవచ్చు. బ్లేడు వెడల్పును మీటర్లలోకి మార్చి, గంటకు నడిచే దూరంతో, అదీ మీటర్లలోనే, గుణించి, మలుపులకూ ఒక వరస మీదికి మరో వరస ఎక్కినందుకూ అయిదో వంతు తీసేయాలి. వచ్చిన చదరపు మీటర్లను 1.2తో గుణిస్తే గజాలు వస్తాయి. ఇంజిన్ శక్తితో తానే కదిలే 21 అంగుళాల సెల్ఫ్ ప్రొపెల్డ్ మూవర్ వెనక గంటకు 4 కిలోమీటర్ల చొప్పున నడిస్తే దాదాపు 2,000 గజాలు కోయవచ్చు. 42 అంగుళాల డెక్కు, అంటే బ్లేడ్లను కప్పే రేకు పెట్టె ఉన్న రైడింగ్ మూవర్ గంటకు 5 కిలోమీటర్ల వేగంతో 5,100 గజాలు, అంటే ఎకరానికి కాస్త పైన కోస్తుంది. చెట్లు, పూలమళ్లు ఎక్కువుంటే అందులో మూడో వంతు తగ్గించుకోండి. బిల్డింగులు, రోడ్లు, పార్కింగు తీసేశాక నికరంగా మిగిలిన పచ్చిక అరెకరం లోపే అయితే, లక్షలు పోసి రైడింగ్ మూవర్ కొనడం దుబారా. దానికి షెడ్డు కూడా కట్టాలి.

ఇక గేటు సంగతి. 42 అంగుళాలు అనేది కోత వెడల్పు మాత్రమే. పక్కకు గడ్డి చిమ్మే మూతితో కలిపితే మిషన్ మొత్తం వెడల్పు నాలుగున్నర అడుగుల దాకా పోతుంది. బ్లాకుల మధ్య దారులు, మొక్కల వరసల మధ్య ఖాళీలు, ప్రహరీ పక్క సందులు టేపుతో కొలిచి, అన్నిటికంటే ఇరుకైన చోటును కాగితం మీద రాసుకోవాలి. మామిడి, జీడిమామిడి కొమ్మల ఎత్తు కూడా చూడాలి. బోల్తా పడితే మనిషిని కాపాడేందుకు వెనక రక్షణ కడ్డీ ఉన్న మిషన్లు ఆ కొమ్మల కింద తగులుకుంటాయి.

వెడల్పు ఎక్కువైతే పని తొందరగా అవుతుందనుకుంటారు. సమతలంగా ఉన్న క్రికెట్ మైదానంలో అది నిజమే. ఎర్రమట్టి వానకు కోసుకుపోయి ఎగుడుదిగుడుగా ఉన్న నేల మీద 54 అంగుళాల డెక్కు గుంతను దాటలేదు, దిబ్బను గొరిగేస్తుంది. అక్కడ మట్టి బయటపడి ఎండకు గడ్డి చస్తుంది, ఆ ఖాళీలో తుంగ మొలుస్తుంది. డెక్కు అంచుల్లోని చిన్న చక్రాలు ఇలా గొరగకుండా ఆపడానికే ఉన్నాయి. అవి నేలకు అర అంగుళం లోపు ఎత్తులో ఉండాలి. కోత ఎత్తు మార్చినప్పుడల్లా వాటినీ మార్చాలి. ఆ పని చేసే ఆపరేటర్లు అరుదు.

విశాఖలో నేలంతా కొండ నుంచి సముద్రం వైపు దిగుతుంది. ఎండాడ, రుషికొండ, కాపులుప్పాడ వైపు సమతలం అనిపించే లాన్లలో కూడా వాలు ఉంటుంది. చాలా కంపెనీల మాన్యువళ్లు 15 డిగ్రీలు దాటిన వాలు మీద రైడింగ్ మూవర్ నడపవద్దంటాయి. కొన్ని మోడళ్లకు ఆ హద్దు ఇంకా తక్కువే. కొలవడం కష్టమేమీ కాదు. 10 అడుగుల బద్ద ఒక కొసను పైవైపు నేలకు ఆనించి, స్పిరిట్ లెవెల్ పెట్టి అడ్డంగా సమంగా పట్టుకుని, రెండో కొస కింద నేలకున్న ఎత్తు కొలవాలి. అది 2 అడుగుల 8 అంగుళాలు వస్తే 15 డిగ్రీలకు చేరినట్టే. అంతకు మించిన ముక్కల్ని మిషన్‌కు వదలకుండా బ్రష్ కట్టర్‌తోనే కోయించండి. లేదా అక్కడ లాన్ తీసేసి పొదలు నాటండి. మిషన్ బోల్తా పడితే కింద పడేది మనిషి, ఆ పక్కనే తిరుగుతూ బ్లేడ్లు.

మార్కెట్లో ప్రధానంగా రెండు రకాలు దొరుకుతాయి. స్టీరింగ్, ముందు ఇంజిన్ ఉన్న లాన్ ట్రాక్టర్ ఒకటి. రెండు లివర్లతో వెనక చక్రాలను విడివిడిగా తిప్పే జీరో టర్న్ మరొకటి. జీరో టర్న్ నిలబడ్డ చోటే తిరుగుతుంది కాబట్టి చెట్ల చుట్టూ పని చకచకా సాగుతుంది. దాని ముందు చక్రాలు మాత్రం షాపింగ్ ట్రాలీ చక్రాల్లా ఎటు తోస్తే అటు పోతాయి. స్టీరింగూ బ్రేకూ రెండూ వెనక చక్రాల పట్టు మీదే ఆధారపడతాయి. తడి గడ్డి మీద ఆ పట్టు జారిందా, నడిపేవాడి చేతిలో ఏమీ మిగలదు. అందుకే వాలున్న ప్రాంగణాలకు, జూన్ నుంచి నవంబరు దాకా తడారని మన వాతావరణానికి లాన్ ట్రాక్టరే మేలని మా అభిప్రాయం. సమతలంగా ఉండి మూడు నాలుగు ఎకరాలు దాటిన మైదానాలకైతే జీరో టర్న్ తీసుకోండి. లాన్ ట్రాక్టర్‌ను వాలు మీద పైకీ కిందికీ నడపాలి, అడ్డంగా కాదు. మలుపు వాలు మీద కాకుండా సమతలానికి వచ్చాక తిప్పాలి. వెనక గడ్డి సంచులు నిండి ఉన్నప్పుడు ఎత్తుకు ఎక్కితే ముందు చక్రాలు తేలిపోతాయి. రక్షణ కడ్డీ నిలబెట్టి ఉన్నప్పుడు సీటు బెల్టు తప్పనిసరి. కడ్డీ మడిచినప్పుడు మాత్రం బెల్టు పెట్టుకోకూడదు.

హెచ్‌పీ ఇప్పుడు చూద్దాం. 42 అంగుళాల డెక్కుకు 17 నుంచి 20 హెచ్‌పీ చాలు. అంతకంటే ముఖ్యంగా అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఇంజిన్‌కు ఆయిల్ పంపు, ఆయిల్ ఫిల్టర్ ఉన్నాయా, లేక ఆయిల్‌ను చిమ్మి తడిపే పాత పద్ధతా? రోజూ గంటల తరబడి నడిచే సంస్థలకు పంపు, ఫిల్టర్ ఉన్న రెండు సిలిండర్ల ఇంజిన్ ఎక్కువ కాలం వస్తుంది. గేర్‌బాక్స్ హైడ్రోస్టాటిక్ (ఆయిల్ ఒత్తిడితో చక్రాలు తిప్పేది) అయితే అందులో ఆయిల్ మార్చే వీలుందా? చౌక మోడళ్లలో దాన్ని సీలు చేసి ఇస్తారు. ఏటవాలు మీద, ట్రాలీ లాగుతూ వాడితే అది వేడెక్కి మధ్యాహ్నానికి శక్తి తగ్గిపోతుంది. దాని మీది చిన్న ప్లాస్టిక్ ఫ్యాన్‌లో గడ్డి ఇరుక్కున్నా అదే జరుగుతుంది. ఆగిపోయిన మిషన్‌ను తోసే ముందు చక్రాలు తేలిగ్గా తిరిగేందుకు వెనకున్న బైపాస్ లివర్ లాగాలి. అది లాగకుండా ఈడ్చుకెళ్లారంటే గేర్‌బాక్స్ లోపల దెబ్బతింటుంది.

పెట్రోల్ గురించి అమ్మేవాళ్లు సాధారణంగా నోరు విప్పరు. 2025 నాటికి మన బంకుల్లో దొరికేది ప్రధానంగా 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే. చాలా మూవర్ ఇంజిన్ల మాన్యువళ్లు మాత్రం ఇథనాల్ 10 శాతం మించకూడదంటాయి. కారులో అయితే సెన్సర్ చూసి కంప్యూటర్ సర్దుకుంటుంది. మూవర్ కార్బొరేటర్‌లో రంధ్రం కొలత మారదు. అందువల్ల గాలి పాళ్లు పెరిగి ఇంజిన్ వేడిగా నడుస్తుంది. దానికి తోడు ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మన సముద్రతీరపు తేమలో మిషన్‌ను నెల రోజులు కదపకుండా ఉంచితే, నీళ్లు కలిసిన ఇథనాల్ కార్బొరేటర్ అడుగున చేరి లోహం మీద తెల్లటి పొడి కడుతుంది. తర్వాత ఎంత తిప్పినా స్టార్ట్ కాదు. కాబట్టి మాన్యువల్‌లోని ఇంధనం పేజీ చూపించమని కొనేముందే అడగండి. 20 శాతానికి సరిపోతుందని రాతపూర్వకంగా ఇచ్చే కంపెనీకే మొగ్గు చూపండి. మిషన్ రెండు వారాలకు మించి ఆగిపోయేటప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడిపి, కార్బొరేటర్ గిన్నె కింది స్క్రూ తీసి మిగిలింది వంపేయాలి. ఈ ఇంజిన్లు గంటకు 3 నుంచి 5 లీటర్లు తాగుతాయి, కాబట్టి నిల్వ చేయాలన్న ఆశ పుడుతుంది. పెట్రోలియం చట్టం ప్రకారం అమ్మకానికి కాని పెట్రోల్ 30 లీటర్లు మించితే లైసెన్సు కావాలి. ఎలాగూ నెల దాటిన పెట్రోల్ మూవర్‌కు పనికిరాదు.

బ్యాటరీ మోడళ్లు ఈ గొడవలేవీ లేకుండా చప్పుడు తక్కువగా నడుస్తాయి. ఎకరం, ఎకరంన్నర ఉన్న అపార్ట్‌మెంట్ సంఘాలు, ఆసుపత్రులు వాటిని చూడవచ్చు. కొత్త బ్యాటరీ ధర ముందే కొటేషన్‌లో రాయించుకోవాలి.

డెక్కు రేకు మందం గేజ్‌లో చెబుతారు. అంకె చిన్నదయ్యే కొద్దీ రేకు మందం పెరుగుతుంది: 13 గేజ్ సుమారు 2.3 మిల్లీమీటర్లు, 10 గేజ్ 3.4, 7 గేజ్ 4.5. బీచ్ రోడ్డు, భీమిలి వైపు ఉప్పుగాలికి పల్చటి రేకు కొద్ది వానాకాలాల్లోనే చిల్లులు పడుతుంది. తడి గడ్డి డెక్కు లోపల అంటుకుని పులిసిపోవడం తుప్పుకు మొదటి కారణం, ఉప్పు రెండోది. కోత అయిన వెంటనే కడగాలి, తర్వాత బ్లేడ్లను ఒకటి రెండు నిమిషాలు ఉత్తగా తిప్పి ఆరబెట్టాలి. ప్రెషర్ వాషర్‌ను బ్లేడు ఇరుసుల మీదికి మాత్రం గురిపెట్టకూడదు. నీళ్లు సీలు దాటి బేరింగులోకి పోతాయి. ఇరుసుకు గ్రీజు పట్టే నిపుల్ ఉన్న మోడలే ఎంచుకోండి.

ఇసుక నేలలకు బ్లేడు కూడా వేరుగా ఉండాలి. ఎత్తైన రెక్క ఉన్న బ్లేడు గడ్డిని బాగా లేపుతుంది, దాంతో పాటు ఇసుకనూ లేపుతుంది. ఆ ఇసుక బ్లేడు రెక్కనూ డెక్కు లోపలి పెయింటునూ గీకేస్తుంది. అక్కడ రెక్క తక్కువగా ఉన్న బ్లేడ్లు అడగాలి. మామూలు నేలలో 25 గంటలకోసారి పదును పెడితే చాలు, ఇసుకలో ఇంకా ముందే పెట్టాలి. పదును పెట్టాక నడిమి రంధ్రంతో మేకుకు తగిలించి చూడండి. ఒక పక్కకు ఒరిగితే ఆ వైపు ఇంకాస్త రాకాలి. తూకం కుదరని బ్లేడు అదురుతూ బేరింగును తినేస్తుంది. బ్లేడు కొస వేగం నిమిషానికి 19,000 అడుగులు దాటకూడదని అమెరికా ప్రమాణం ఉంది. దాదాపు ఆ వేగంతో తిరిగే బ్లేడు కొబ్బరి మట్ట మొదలుకో, నేలమట్టానికి కోసి వదిలేసిన చెట్టు మొద్దుకో తగిలితే ఇరుసు వంగడం ఖాయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకు పడిపోయిన చెట్ల మొదళ్లు ఇంకా తవ్వించని ప్రాంగణాలవాళ్లు ముందు ఆ పని చేయించండి. మట్టలు, కాయలు, రాళ్లు, స్ప్రింక్లర్ తలలు కోతకు ముందు ఒక మనిషి నడిచి చూసుకోవాలి.

గడ్డి ఎత్తులో మూడో వంతు కంటే ఎక్కువ ఒకేసారి కోయకూడదన్నది పాత సూత్రమే. వానల్లో తప్పేది కూడా ఎక్కువగా అదే. పెరగనిచ్చి ఒక్కసారే కోస్తే డెక్కు నిండి బెల్టు జారుతుంది, కాలిన రబ్బరు వాసన వస్తుంది. అలాంటప్పుడు డెక్కు పైకెత్తి ఒకసారి, రెండు రోజులాగి దించి ఇంకోసారి కోయాలి.

ఆపరేటర్ల అలవాట్లలో మిషన్‌ను చంపేది పెట్రోల్ ఆదా పేరుతో సగం యాక్సిలరేటర్ మీద కోయడం. అప్పుడు బ్లేడు వేగం తగ్గి గడ్డి తెగకుండా చీలుతుంది, కొసలు గోధుమరంగుకు తిరుగుతాయి. గాలితో చల్లబడే ఇంజిన్‌కు ఫ్యాన్ గాలి కూడా తగ్గుతుంది. కోసేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా ఉంచాలి, వేగాన్ని పెడల్‌తో తగ్గించుకోవాలి. రెండో అలవాటు సీటు కింది స్విచ్‌కు వైరు చుట్టేయడం. మనిషి లేచినా బ్లేడ్లు ఆగకుండా ఉండేందుకు చేసే ఈ తెలివికి కాళ్లు పోగొట్టుకోవాల్సి వస్తుంది. అలా చేసిన మిషన్‌ను ఆ పూటే పక్కన పెట్టించాలి. కోత ఒక పక్కకు వాలి కనిపిస్తే డెక్కు జోలికి పోకముందు టైర్లు చూడండి. చాలా మోడళ్లలో ముందు 14, వెనక 10 పీఎస్ఐ చుట్టుపక్కల గాలి ఉండాలి. అది సరిగా ఉన్నాకే డెక్కు మట్టం చూడాలి: కుడి ఎడమలు సమంగా, ముందు కొస వెనక కంటే 3 నుంచి 6 మిల్లీమీటర్లు దిగువగా.

టెండరు రాసే సంస్థలకు చివరి విన్నపం. రెండు డెక్కు బెల్టులు, రెండు సెట్ల బ్లేడ్లు, ఒక ఇరుసు అసెంబ్లీ, ఎయిర్ ఫిల్టర్లు మిషన్‌తో పాటే సరఫరా చేయాలని రాయండి. డెక్కు బెల్టు లోపలి దారం వేరుగా ఉంటుంది. అదే కొలత ఉన్న మామూలు వీ బెల్టు బజారులో తెచ్చి వేస్తే త్వరలోనే సాగి జారుతుంది. డెమో షోరూము ముందు వద్దు. ఆగస్టులో ఒక వాన కురిసి వెలిసిన మర్నాడు, మీ ప్రాంగణంలో అన్నిటికంటే గుంతలున్న ముక్కలో, మీ ఆపరేటర్ చేతే గంటసేపు నడిపించండి. ఆ తర్వాత డెక్కు ఎత్తి లోపల ఎంత గడ్డి పేరుకుందో చూసి, మిషన్‌ను మీ గేటులోంచి షెడ్డు దాకా తీసుకెళ్లాకే చెక్కు రాయండి.

ఇట్లు,
పచ్చిక మైదానాల నిర్వహణలో ఉన్న పాఠకులు,
మధురవాడ, విశాఖపట్నం