218 బస్సు కండక్టరమ్మకి

రెండు రోజులుగా నిద్ర లేదు, రాతలో తప్పులుంటే క్షమించండి. ఇవాళ ఇది రాయకపోతే నా మనసు కుదుటపడదు.

హైదరాబాద్ శివార్లలో, బీరంగూడలో ఇల్లు కొనుక్కుని వచ్చి ఎనిమిది నెలలైంది. అంతకుముందు ముప్పై ఏళ్ళు బర్కత్‌పురాలో అద్దెకున్నాం. నాన్నకి 74 ఏళ్ళు, ఈమధ్య మతిమరుపు ఎక్కువైంది, పొద్దుగూకితే చాలు "ఇంటికి పోదాం పద" అంటారు. మంగళవారం సాయంత్రం నేను వంటింట్లో ఉండగా గేటు తీసుకుని వెళ్ళిపోయారు. ఫోను మంచం మీదే ఉంది.

మెయిన్ రోడ్డు మీది బీరంగూడ కమాను దాకా షేర్ ఆటోలో వెళ్ళి, పటాన్‌చెరు నుంచి వచ్చే 218 ఎక్కి, కోఠికి టికెట్ అడిగారట. రెండొందల నోటిస్తే కండక్టరమ్మ దగ్గర చిల్లర లేక టికెట్ వెనకాల రాసిచ్చింది. ఆ వేళకి ఆ బస్సెలా ఉంటుందో ఎక్కినవాళ్ళకి తెలుసు, కూకట్‌పల్లి వచ్చేసరికి కాలు పెట్టే చోటుండదు, ఆడవాళ్ళకి ఫ్రీ ప్రయాణం జీరో టికెట్లు కొడుతూ ఆవిడ ఆ చివర నుంచి ఈ చివరకి తిరుగుతూనే ఉండాలి. అంతమందిలో ఒక పెద్దాయన చిల్లర అడక్కుండా దిగిపోయాడని ఆవిడకి గుర్తుంది! కోఠిలో దిగి వెతికింది. నాన్న స్టాపులోనే నిలబడి ఉన్నారట. "బాబాయ్, మీ చిల్లర" అంటే, "మా ఇల్లెటమ్మా?" అన్నారట.

ఇంక వదల్లేదు. మళ్ళీ ఆ బస్సులోనే తన సీటు పక్కన కూర్చోబెట్టుకుంది, తన డబ్బాలో ఉప్మా పెట్టింది, చొక్కా జేబులో ఉన్న ఇస్త్రీ చీటీ మీది నంబరుకి ఫోన్ చేసింది. ఇస్త్రీ అన్న పరుగున మా ఇంటికొచ్చాడు.

రాత్రి పదింపావుకి కమాను దగ్గర నాన్నని చెయ్యి పట్టుకుని దింపి, నా అరచేతిలో చిల్లర లెక్కపెట్టి పెట్టింది. "బాబాయ్‌ది, ఇందాకట్నుంచీ నా దగ్గరే ఉండిపోయింది" అంది. నేను డబ్బులివ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకుని, రైట్ రైట్ అంటూ ఎక్కేసింది. ఆ చిల్లర పట్టుకుని రోడ్డు మీదే కూర్చుని ఏడ్చాను. పేరైనా అడగలేదు. అక్కా, ఇది నీదాకా చేరితే మా ఇంటికి ఒక్కసారి భోజనానికి రా.

మా ఆయన, తమ్ముడు బండ్లేసుకుని లింగంపల్లి దాకా వెతికారు, వాళ్ళకీ థాంక్స్.

కానీ ఒక మాట చెప్పాలి. ఇల్లు అమ్మేటప్పుడు మెట్రో పది నిమిషాలన్నారు. మియాపూర్ స్టేషన్‌కి వెళ్ళాలంటే షేర్ ఆటో, బస్సు మారి, ట్రాఫిక్‌లో ముప్పావుగంట. సరే, అది భరిస్తాం. మా లైన్లో ఎనిమిది నెలలుగా వీధి దీపం వెలగదు, వీధికి బోర్డు లేదు, ఇళ్ళన్నీ ఒకే రంగు, నంబర్లు వరసలో ఉండవు. నాకే చీకట్లో మా గేటు తెలీదు, నాన్నకేం తెలుస్తుంది? అర్జీ పట్టుకుని వెళ్తే ఈ ఆఫీసువాళ్ళు ఆ ఆఫీసంటారు, ఆ ఆఫీసువాళ్ళు బిల్డర్ని అడగమంటారు. మనిషి తప్పిపోయాక కూడా ఆ దీపం వెలగలేదు.

అయ్యో, మర్చిపోయా, మెడికల్ షాపు తమ్ముడు సీసీ కెమెరా చూపించి నాన్న ఆటో ఎక్కారని చెప్పాడు, నీకు చాలా థాంక్స్ రా. ఎదురింటి ఆంటీ మా పాపకి అన్నం పెట్టి నిద్రపుచ్చారు. ఇంకా ఆ బస్సు డ్రైవరన్న, కోఠిలో ఆవిడ నాన్నని వెతుకుతున్నంతసేపూ బస్సు ఆపి ఉంచాడట, ఆయన మొహం కూడా నేను చూడలేదు.