గ్రౌండులో ఈ ఏడాది: సభ్యులకు వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి, కాపీ ఆఫీసులో ఉంది, వచ్చి చూసుకోండి. ఈసారి చెప్పుకోవాల్సిందంతా మన బోయిన్‌పల్లి గ్రౌండు కోచ్‌ల సంగతే.

మేధో వైకల్యం ఉన్న మన పిల్లలతో కోచ్‌లు ఎలా మెలుగుతున్నారో చూద్దామని కమిటీలో అనుకున్నాం. ఇందుకు 1980లో చెల్లదురై, సలేహ్ అనే క్రీడా పరిశోధకులు తయారుచేసిన ప్రశ్నావళి ఒకటుంది. ఎలా నేర్పుతున్నారు, ఆటగాళ్లను అడిగి చేస్తారా, తన మాటే నెగ్గాలంటారా, మంచిచెడ్డలు కనుక్కుంటారా, బాగా చేస్తే మెచ్చుకుంటారా అని 40 ప్రశ్నలు. అన్ని ప్రశ్నలు మన పిల్లలతో అయ్యే పని కాదు. నవ్వు బొమ్మ, ఏడుపు బొమ్మ కార్డులు పెట్టి "సార్ మెచ్చుకుంటారా?" అని అడిగాం. అందరూ నవ్వు బొమ్మే చూపించారు. మురిసిపోయాం. "సార్ అరుస్తారా?" అంటే దానికీ నవ్వు బొమ్మే! పెద్దవాళ్లు ఏదడిగినా ఔననడం మన పిల్లల్లో చాలామందికి అలవాటు. మాకది ముందే తట్టాల్సింది. చివరికి కార్డులు పక్కన పడేసి, ఇద్దరు సభ్యులం నెల రోజులు గ్రౌండులో కూర్చుని చూశాం.

రిలే ప్రాక్టీసులో ఒక బాబు బ్యాటన్ వదిలేవాడు కాదు. "నాది" అని గుండెకు హత్తుకునేవాడు. పాత కోచ్ లాక్కునేవారు, వాడు నేల మీద పడి దొర్లేవాడు. కొత్తగా వచ్చిన కోచ్ బ్యాటన్ దాచేసి, నలుగురినీ వరసలో నిలబెట్టి నీళ్ల సీసా ఇచ్చారు. ఒక గుక్క తాగు, పక్కవాడికియ్యి. వేరే మాట లేదు. మొదట నిలబడి, తర్వాత నడుస్తూ, ఆపైన పరిగెడుతూ. మూడో వారం సీసా బదులు బ్యాటన్ వచ్చింది. బాబు ఇచ్చేశాడు. ఇచ్చి, "తాగు" అన్నాడు.

ముందు ఎవరు ఉరకాలో ఈయన పిల్లల్నే అడుగుతారు. షాట్‌పుట్ దగ్గర మాత్రం ఆయన మాటే శాసనం. గీత దాటితే ఆ రోజుకు ఆట బంద్. అది తప్పని నాకు అనిపించలేదు.

పిల్లలకు టెన్షన్ కోచ్‌ల కన్నా మన తల్లిదండ్రుల వల్లే ఎక్కువ. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవంజి టీ20 విభాగం 400 మీటర్లు 55.82 సెకన్లలో పరిగెత్తి కాంస్యం తెచ్చింది. టీ20 అంటే మన పిల్లల్లాంటి వాళ్ల విభాగమేనని తెలిశాక గేటు దగ్గర "ఉరుకు, ఉరుకు" అనే కేకలు పెరిగాయి. ఆ అమ్మాయి హైదరాబాద్‌లో కోచ్ నాగపురి రమేష్ దగ్గర ఏళ్ల తరబడి సాధన చేసిందన్న మాట ఎవరూ ఎత్తరు. పిల్లలు కోచ్ మాట వినాలా, మన కేకలా?

అందుకే వచ్చే నెల నుంచి తల్లిదండ్రులు షెడ్డు కిందే కూర్చోవాలని తీర్మానించాం. టీ సంఘం ఖర్చే. నీళ్ల సీసాలు ఇంటి నుంచే పంపండి, గ్రౌండు కుళాయికి రోజు విడిచి రోజే నీళ్లు వస్తున్నాయి.

ఇట్లు,
కార్యదర్శి